ముఠాను నడిపే పాఠాలు – 4: ఎప్పుడు అడగాలి, ఎప్పుడు చెప్పాలి

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుందిగా. వారంలో ఒక్క నిర్ణయమైనా మేస్త్రీ సొంతంగా తీసుకోకుండా ముఠాను, అంటే తన కింద పనిచేసే కూలీల జట్టును, అడిగి తీసుకోవాలి. చేసినవాళ్లలో ఎక్కువమంది ఒకే చోట బోల్తా పడ్డారు: వల నీళ్లలో ఉండగా అడిగారు. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల పట్టుబడి చూసినవాళ్లకి తర్వాత ఏమైవుంటుందో చెప్పక్కర్లేదు. ఆరుగురు ఆరు మాటలన్నారు, ఇద్దరు వల వదిలి గట్టెక్కారు, సరుకు ట్రేల్లోనే ఉండిపోయింది. ఆ దెబ్బతో ‘అడగడాలు మన ముఠాలకి పనికిరావు, అరిస్తేనే పని’ అని తేల్చేశారు. ‘పనికి ముందు రోజు’ అన్న మాట పాఠంలో రెండుసార్లు ఉంది, దాన్ని దాటేశారు. ఈసారి చెబుదామనుకున్న కూలి లెక్కలు వచ్చే పాఠానికి పోతాయి.

ఆజ్ఞలతో నడపడం, కలుపుకొని నడపడం, పట్టించుకోకుండా వదిలేయడం: ఈ మూడూ మొదటి పాఠంలో వివరంగా ఉన్నాయి. ఒక్క ముక్కలో, మేస్త్రీ తనే తేల్చి చెప్పడం మొదటిది, ముఠాని అడిగి తేల్చడం రెండోది, ఏదీ తేల్చకుండా వాళ్ల మానాన వదిలేయడం మూడోది.

రెండెకరాల రొయ్యల గుంట పట్టుబడినే తీసుకుందాం. ముందు రోజు సాయంత్రం విసురు వలతో శాంపిల్ తీస్తారు. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత, గుల్ల మెత్తగా ఉన్నవి ఎన్ని అని చూస్తారు. అమావాస్య, పున్నమి దగ్గరపడితే గుల్ల విడిచినవి ఎక్కువ తగులుతాయి, రేటు కోస్తారు. ముఠాను అడగాల్సిన వేళ అదే, గట్టు మీద శాంపిల్ కళ్లముందు ఉన్నప్పుడు. అడగాల్సినవి నాలుగే: తెల్లవారుజామున ఎన్నింటికి దిగాలి, తూము దగ్గర వల కట్టి నీళ్లు వదులుతూ పట్టాలా లేక లాగుడు వల వేయాలా, ఐస్ దగ్గర ఎవరుండాలి, గుంటలో బురద ఎక్కువున్న మూల ఏది. ఈ చివరిదాని జవాబు మేస్త్రీకి తెలియదు, నీళ్లలో నడిచేవాడికే తెలుస్తుంది. రేటు, బయ్యర్, లోడ్ ఎప్పుడు కదలాలి అన్నవి ముఠాని అడగొద్దు. అవి వాళ్ల చేతిలో లేవు. చేతిలో లేనిదాని మీద అభిప్రాయం అడిగితే రెండోసారి నోరు విప్పరు.

వల పడ్డాక ఒకే గొంతు వినిపించాలి. రొయ్య పైకొచ్చిన వెంటనే ఐస్ నీళ్లలో పడాలి. కిలో రొయ్యకి కిలో ఐస్‌కి తగ్గకూడదు. ఆలస్యమైతే తల దగ్గర నల్లమచ్చ మొదలవుతుంది, తల వదులవుతుంది. అక్కడ ‘రెండో ట్రే ఇటు పట్రా’ అని గట్టిగా అంటే ఎవరూ నొచ్చుకోరు, ఆ పని పంపకం రాత్రి వాళ్లు కూడా ఒప్పుకున్నదే కాబట్టి. అదే మాట, ముందు ఏమీ మాట్లాడుకోకుండా అంటే మధ్యాహ్నానికి సణుగుడు మొదలవుతుంది.

రాత్రి మూడింటికి గుంట నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందికి దిగితే, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు వేయడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో వైర్ సా (రాయిని కోసే తీగ రంపం) నడుస్తుంటే, తీగ తెగితే ఎగిరే వరసలో నిలబడినవాణ్ణి ‘పక్కకి జరుగు’ అని అరవడమే. ఇందులో ఎవరికీ అనుమానం ఉండదు, ముందుకి పోదాం.

నాకు అసలు చిరాకు తెప్పించేది ఇంకోటి. ‘నేను ముఠాకే వదిలేశానండీ, వాళ్లే చూసుకుంటున్నారు, మాది కలుపుకొనిపోయే పద్ధతి’ అని గొప్పగా చెప్పడం. అది కలుపుకోవడం కాదు, వదిలేయడం. ఈ తప్పు చదువుకున్న పరిశోధకులే చేశారు. 1930ల చివర్లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ పదేళ్ల పిల్లలతో క్లబ్బులు పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో పద్ధతిలో నడిపి చూశారు. మొదట అనుకున్నవి రెండే పద్ధతులు. వైట్ తాను కలుపుకొని నడుపుతున్నాననుకుంటూ పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తున్నాడు. లెవిన్ అది గమనించి దాన్నే మూడో పద్ధతిగా విడదీశాడు. వదిలేసిన క్లబ్బుల్లో పని తక్కువైంది, అయినదీ నాసిగా ఉంది. ఆజ్ఞలతో నడిచినచోట నాయకుడు గదిలో ఉన్నంతసేపూ పని బాగా సాగి, అతను బయటికెళ్లగానే బాగా పడిపోయింది. కలుపుకొని నడిపినచోట అతనున్నా లేకున్నా పెద్ద తేడా రాలేదు. పిల్లల క్లబ్బు వేరు, కూలికి వచ్చిన పెద్దవాళ్లు వేరు, నిజమే. కానీ మేస్త్రీ టీకి వెళ్తే పని ఏమవుతుందన్న కొలత మన షెడ్లలోనూ పనికొస్తుంది.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్ షెడ్డులో ఈ తేడా బాగా కనపడుతుంది. బ్యారన్‌లో (పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో) క్యూరింగ్ అయిన ఆకును, అది మొక్క మీద ఏ వరసదో, రంగేమిటో, మచ్చలున్నాయో చూసి వేరుచేయాలి. నిమ్మ రంగుకీ నారింజ రంగుకీ నడుమ ఉన్న ఆకు ఏ కుప్పలో పడాలన్నదే ఎప్పుడూ తగువు.

వదిలేసే మేస్త్రీ ‘మీకు తెలియందేముందమ్మా’ అనేసి వెళ్లిపోతాడు. పదిమంది కూర్చుంటే పది కళ్లు. కిటికీ పక్కన వెలుతురులో ఉన్న అక్కకి నిమ్మ రంగనిపించింది, మూల చీకట్లో ఉన్న అక్కకి నారింజ అనిపిస్తుంది. సాయంత్రానికి ఒకే బేలులో రెండూ కలిసిపోతాయి. వేలం ఫ్లోర్‌లో కొనేవాళ్లు బేలు విప్పి చూసినప్పుడు వాళ్ల చూపు తక్కువ రకం ఆకు మీదే ఆగుతుంది.

కలుపుకొని నడిపే మేస్త్రీ పొద్దున్నే తగువు పడే ఆకులు పది తీసి అందరి ముందూ పరుస్తాడు. ముందు కొత్తగా వచ్చిన పిల్లని అడుగుతాడు, అందరికన్నా అనుభవమున్న అమ్మని చివర్లో. ఆమె ముందు చెబితే మిగతావాళ్లు తలూపేసి ఊరుకుంటారు. మాట కుదిరాక ఆ పది ఆకులూ దారానికి గుచ్చి కుప్పల పైన కడతాడు. కుదరకపోతే తనే తేలుస్తాడు, ఎందుకో చెబుతాడు. రెండు గంటలకోసారి ఒక్కొక్కరి కుప్పలోంచి గుప్పెడు తీసి ఆ దండతో పోల్చి చూస్తాడు. ఎవరు తేలుస్తారు, ఎప్పటికి తేలాలి, దేనితో పోల్చాలి, తర్వాత ఎవరు చూస్తారు: వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మీరు వదిలేసినట్టే, ఎంత తియ్యగా మాట్లాడినా సరే. గొంతుతో సంబంధం లేదు. అరిచే మేస్త్రీ కలుపుకొని నడపొచ్చు, ‘బంగారం’ అంటూ మాట్లాడేవాడు ఒక్క మాటా చెవిన వేసుకోకపోవచ్చు.

దారప్పోగులు, ఈకలు, ప్లాస్టిక్ ముక్కలు ఆకులో కలవకూడదన్నదానికి మాత్రం చర్చ లేదు. అది ఆజ్ఞే.

మరి పూర్తిగా అప్పగించడం ఎప్పుడూ తప్పేనా? కాదు. మనిషిని బట్టి నడిపే పద్ధతి మారాలని పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ అనే అమెరికన్ నిపుణులు 1969లో చెప్పిన సిద్ధాంతం పరిశోధకులు పరీక్షించి చూస్తే అంత గట్టిగా నిలబడలేదు కానీ, అడగాల్సిన ప్రశ్న ఒకటి ఇచ్చింది: ఈ మనిషికి ఈ పని వచ్చా, చేయాలని ఉందా? రెండూ ఉన్న అమ్మకి షెడ్డులో ఒక వరస అప్పగించండి, తనిఖీ రోజుకొక్కసారి చాలు. ఆమె పక్కనే కూర్చున్న కొత్త పిల్లకి ఆకు పట్టుకోవడం దగ్గర్నుంచి చెప్పాలి. ఒకే షెడ్డులో, ఒకే పూట, ఇద్దరితో రెండు పద్ధతులు.

మాటల్లో మాట: ఈ సంప్రదింపులు నిలబడే జరపండి, పది నిమిషాల్లో ముగించండి. కూర్చుంటే టీలొస్తాయి, అరగంట పోతుంది. వాట్సాప్ గ్రూపులో అడగడం నాకు నచ్చదు. బొటనవేలి గుర్తు పెట్టినవాడు ఒప్పుకున్నాడో, చూశానన్నాడో తెలియదు. స్మార్ట్ ఫోన్ లేని అక్క మాట లెక్కలోకే రాదు.

అభ్యాసం. కొంచెం కష్టమే, ఆరు రోజులు పడుతుంది. గ్రేడింగ్ షెడ్డువాళ్లు మొదటి మూడు రోజులు ఇప్పుడున్న పద్ధతిలోనే నడపండి, తర్వాతి మూడు రోజులు పైన చెప్పిన ఆకుల దండ పద్ధతిలో. రోజూ పొద్దున రెండు అరగంటలు ఎంచుకుని, ఒకదాంట్లో అక్కడే ఉండండి, రెండోదాంట్లో చెప్పకుండా బయటికి పోండి. ఉన్నప్పుడు ముందా, లేనప్పుడు ముందా అన్నది రోజు మార్చి రోజు మార్చండి. ఒక్కో అరగంటకీ గ్రేడైన ఆకు తూకం వేసి, అందులోంచి యాభై ఆకులు తీసి తప్పు కుప్పలో పడ్డవి ఎన్నో లెక్కపెట్టండి. పొద్దుటి లెక్కని మధ్యాహ్నం లెక్కతో పోల్చొద్దు: ఎండెక్కితే ఆకు పెళుసై విరుగుతుంది, చెయ్యి నెమ్మదిస్తుంది. తూకం ఒక్కటే చూసి మురిసిపోవద్దు, తప్పుల లెక్క పక్కనే రాయండి. ఉన్నప్పటికీ లేనప్పటికీ తేడా చివరి మూడు రోజుల్లో తగ్గకపోతే, ముందు పైన చెప్పిన నాలుగింట్లో (ఎవరు తేలుస్తారు, ఎప్పటికి, దేనితో పోల్చాలి, తర్వాత ఎవరు చూస్తారు) ఏది వదిలేశారో వెతకండి. సాధారణంగా తనిఖీయే.

పట్టుబడి ముఠాలకి ఈ కొలత వద్దు, మధ్యలో బయటికి పోతే సరుకు పోతుంది. మీరు మొదటి వల పైకొచ్చిన దగ్గర్నుంచి ఆ రొయ్య ఐస్‌లో పడేదాకా ఎన్ని నిమిషాలో రాసుకోండి, రెండు పట్టుబడులకి: ముందు రోజు మాట్లాడుకున్నదానికొకటి, మాట్లాడుకోనిదానికొకటి.