జీరో వడ్డీ ఫోను: సంతకానికి ముందు వేయాల్సిన లెక్క

నెల్లూరు ట్రంకు రోడ్డులో ‘జీరో వడ్డీ’ బోర్డు చూసి లోపలికి వెళితే, ముందు అడగాల్సింది ఒకటే: ‘మొత్తం నగదిస్తే ఎంతకిస్తారు?’

24,000 రూపాయల ఫోను, నెలకు 2,000 చొప్పున 12 వాయిదాలు అనుకోండి. నగదుకైతే 22,500కే ఇస్తామన్నారు. ప్రాసెసింగ్ ఫీజు 500, దానిమీద 18 శాతం జీఎస్టీ 90. ధరలో తేడా 1,500 కలిపితే మొత్తం 2,090 అదనం. బాకీ నెలనెలా తగ్గుతుంది కాబట్టి ఇది నూటికి నెలకు దాదాపు రూపాయిన్నర వడ్డీ!

కాగితంలో బీమా కలిపితే తీసేయమనండి. వాయిదా తేదీ జీతం పడ్డాక రెండు మూడు రోజులకు పెట్టించుకోండి. ఖాతాలో పది రూపాయలు తగ్గినా వాయిదా బౌన్సవుతుంది. అప్పిచ్చినవాళ్లూ బ్యాంకూ విడివిడిగా రుసుము వేస్తారు, అప్పులు సరిగా కడుతున్నామో లేదో చూపే సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది.

వరి రైతుకు ఈ పద్ధతి అసలు కుదరదు. కోతల డబ్బు మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది, వాయిదా నెలనెలా తరుముతుంది. అప్పుడు ఇంట్లో ఆడవాళ్లు పొదుపు సంఘంలో అప్పు తెస్తారు. దూబగుంట ఊళ్లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1990లలో, ఈ జిల్లా మహిళలు రూపాయి రూపాయి కూడబెట్టి నిలబెట్టుకున్న సంఘాలవి. ఫోను కోసం వాటిని ముట్టుకోకండి. ఒకరు కట్టకపోతే మిగతా సభ్యులకూ కొత్త అప్పు పుట్టడం కష్టమవుతుంది.

పాత ఫోనులో చార్జింగు నిలవకపోవడమే బాధైతే, ముందు బ్యాటరీ మార్పించి చూడండి.