హీత్రోలో విమానాలు చూడాలంటే ముందు గాలి చూడండి

లండన్‌లో మా ఇంటికొచ్చే చుట్టాలను ముందు హీత్రో విమానాశ్రయం పక్కనున్న మర్టిల్ అవెన్యూ అనే వీధికే తీసుకెళ్తాను. హాటన్ క్రాస్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే, ఇళ్ల చివర చిన్న పచ్చిక.

బయల్దేరే ముందు ఫోన్‌లో గాలి చూడండి. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి పడమటి గాలి ఉండాలి. తూర్పుగాలైతే అవతలి వైపు నుంచి దిగుతాయి, వెళ్లడం దండగ. పైగా విమానాలు దిగే రన్‌వేను మధ్యాహ్నం 3 గంటలకు మారుస్తారు. మీరు వెళ్లే పూట ఈ పచ్చిక దగ్గరున్న దక్షిణపు రన్‌వే, అంటే 27ఎల్ వంతేనా అన్నది హీత్రో పట్టికలో చూసుకోండి.

ఎండ వీపు వైపు ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. రెండంతస్తుల పెద్ద విమానం ఏ380 దాటిపోగానే మాటలు ఆపి చెవి పెట్టండి. కాసేపటికి గుడ్డ చింపినట్టు సర్రుమని వినిపిస్తుంది. రెక్కల కొసల నుంచి సుడి తిరుగుతూ దిగే గాలి అది. మా నాన్న దానికోసమే మూడుసార్లు వచ్చారు.