అక్రోట్లు ఆరబెట్టే పాత కట్టడాలను పరిశీలించే విధానం: ఫ్రాన్సులోని ఇజేర్ లోయ

ఆగ్నేయ ఫ్రాన్సులో గ్రెనోబుల్ నగరానికి పడమరగా, వెర్కోర్ కొండల పాదాన సాగే ఇజేర్ లోయలో, అక్రోటు తోటల నడుమ కొన్ని పాత రైతు కట్టడాలు కనబడతాయి. వాటిని గడ్డివాములు దాచే కొట్టాలుగా పొరబడడం సులభం. వాస్తు విద్యార్థులూ యాత్రికులూ వాటిని చూసేటప్పుడు చెక్కపనికన్నా ముందు, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో గమనించాలి. కట్టడంలోని మిగిలిన ఏర్పాట్లన్నీ దానికి లోబడినవే.

ముందుగా బయట నిలబడి పై అంతస్తును చూడండి. కింది భాగం రాతితోనో మట్టితోనో బరువుగా ఉన్నా, పైన గోడకు బదులు సన్నని చెక్క పట్టీలు వరుసగా, మధ్యమధ్య సందులు వదిలి బిగించి ఉంటాయి. ఆ సందులు గాలిని రానిస్తాయి, ముందుకు చొచ్చుకొచ్చిన చూరు వానను ఆపుతుంది. మన ప్రకాశం, గుంటూరు ప్రాంతాల పొగాకు బ్యారన్లు తలుపులు మూసి, పొయ్యి వేడిని లోపలే నిలిపి ఆకును పండిస్తాయి. ఇక్కడి పద్ధతి సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఏ పక్క పట్టీలు ఎక్కువ, ఏ పక్క గోడ మూసుకుపోయింది అన్నది రాసుకొంటే, గాలి దారి కాగితం మీదే తేలిపోతుంది.

తరువాత యజమాని అనుమతితో పైకి ఎక్కి, నేలను పరీక్షించండి. అదీ సందులున్న చెక్కలతో పరచినదే కాబట్టి, కింద నిలబడి తల పైకెత్తితే వెలుతురు గీతలుగా దిగుతుంది. సెప్టెంబరు చివర, అక్టోబరులో రాలిన కాయలను పచ్చ తొక్క తీసి, కడిగి, ఈ చెక్కల మీద పలుచగా పరిచి, పెంకు అన్ని వైపులా సమంగా ఆరేలా మధ్యమధ్య తిరగవేసేవారు. కుప్పగా పోస్తే లోపలి కాయలకు బూజు పడుతుంది. ఇలా వారాల తరబడి ఆరాకే అమ్మకానికి బస్తాలకెత్తేవారు. తొందరపడి ఎక్కువ వేడి పెడితే, ముఖ్యంగా 43 డిగ్రీల సెల్సియస్ దాటితే, పప్పులోని నూనె చెడి మక్కు వాసన వస్తుంది. గాలిని నమ్ముకోవడం వెనుక ఉన్న లాభం ఇదే. గ్రెనోబుల్ అక్రోటుకు 1938లో మూలస్థాన గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు కాయలకే ఆ పేరు వాడే హక్కు, లభించింది. ఆ పేరుతో అమ్మే ఎండు కాయలో నేడు తేమ 12 శాతం మించకూడదు.

ఇరవయ్యో శతాబ్దంలో వేడిగాలి యంత్రాలు వచ్చాక పై అంతస్తుల పని క్రమంగా తగ్గింది. కనుక లోపలి వైపు నుంచి పట్టీల సందులకు అడ్డంగా కొట్టిన పలకలు, రేకులు ఉన్నాయేమో వెతకండి. మరమ్మతు తలపెట్టేవారు వాటిని మొదట తొలగించి, కుళ్లిన పట్టీని మార్చేటప్పుడు పాత సందు వెడల్పును కొలిచి అంతే ఉంచాలి. అందం కోసమని సందులు మూసి అద్దాలు బిగించడం నా దృష్టిలో మరమ్మతు కాదు.

పొలాల్లోకి వెళ్లేముందు ‘వినే’ (Vinay) అనే పట్టణంలో అక్రోటు సాగు చరిత్రకే కేటాయించిన ‘గ్రాన్ సెషువార్’ ప్రదర్శనశాలను చూడడం మేలు. పాత పనిముట్లు అక్కడ దగ్గరగా కనిపిస్తాయి, ఆపైన రైతుల కట్టడాల్లో ఏమి అడగాలో తెలుస్తుంది.