ఆఫీసులో మొదటి ఆర్డరు మీరే చెప్పండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వంటి ఊళ్లలో బ్యాంకులోనో ప్రభుత్వ కార్యాలయంలోనో పనిచేసే తెలుగువారు సాయంత్రం నాలుగింటికి ఒకసారి గమనించి చూడండి. టీ తెచ్చే మనిషి గుమ్మంలో నిలబడగానే ఎవరో ఒకరు "బరా, గుగ్ని" అంటారు (బరా అంటే గారె, గుగ్ని అంటే బఠాణీల కూర). మిగిలినవారిలో ఎక్కువమంది "నాకూ అదే" అంటారు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఉద్యోగులు సుమారు 6,000 మంది రెండేళ్లపాటు క్యాంటీన్లలో ఏమేం కొన్నారో పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో కూడా, కలిసి తినడానికి వెళ్లేవారు ఒకే తరహా ఆహారం కొనే అవకాశం ఎక్కువని తేలింది. మంచి తిండికీ చెడ్డ తిండికీ కూడా ఇది వర్తిస్తుంది. అందుచేత తోటివారి అలవాట్లు మారాలని కోరుకునేవారు ఉపదేశాలు కట్టిపెట్టి, ముందుగా ఆర్డరు చెప్పడం అలవాటు చేసుకోవాలి.

"భాయినా (అన్నా), నాకు గుగ్ని ఒక్కటే చాలు, బరా వద్దు, ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యండి" అని మీరే మొదట చెప్పండి. ఆ వెంటనే "ఎవరికేం కావాలి?" అని కాక "ఇంకెవరికి గుగ్ని?" అని అడగండి. గుగ్ని ఎండు బఠాణీలతో చేసేది కనుక అందులో పీచు, మాంసకృత్తులు ఉంటాయి. నూనెలో వేగేవి బరా, సింగడాలే (సమోసాలే). మీరు కారణాలు వివరించబోతే మాత్రం పక్కవారికి బరా మీద మమకారం ఇంకా పెరుగుతుంది.

టీ విషయంలో ఇంకా తేలిక మార్గముంది. పంచదార కలిపిన ఫ్లాస్కుకు బదులు పంచదార లేని టీ తెప్పించి, పక్కన ఒక డబ్బా, చిన్న చెంచా ఉంచండి. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చొప్పున వేసుకుంటే ముప్పై గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలైన హద్దుగా సూచించేది రోజు మొత్తానికి సుమారు 25 గ్రాములే. ఎవరి చెంచా వారే ముంచుకున్నప్పుడు రెండోది వేసుకునే ముందు చెయ్యి కొంచెం ఆగుతుంది.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక అన్నం పంచుకోకండి, కూరలు పంచుకోండి. ఒడియా సహోద్యోగుల దాల్మాలో పప్పుతోపాటు గుమ్మడికాయ, బొప్పాయి కాయ, వంకాయ పడతాయి; అది తెచ్చినవారిని నలుగురిలో మెచ్చుకుంటే మరునాడు గిన్నె పెద్దదవుతుంది. మీరు చోడి (రాగి) అంబలి తెస్తే ఒక గ్లాసు అదనంగా తెండి, అంతకు మించి ప్రచారం అక్కరలేదు.

ఇలాంటి మార్పు మన ఆఫీసుల్లో ఏటా దానంతట అదే జరుగుతూనే ఉంది. ఒడియావారి కార్తీకం ఆశ్వయుజ పూర్ణిమ మరునాడు మొదలైతే, మన కార్తీకం దీపావళి అమావాస్య దాటాక మొదలై మళ్లీ అమావాస్య దాకా సాగుతుంది. రెండు భాషలవారూ ఉన్నచోట ఆ నెలన్నరా, నియమం లేనివారు కూడా భోజనాల బల్ల దగ్గర చాలావరకు శాకాహారమే తింటారు. (కార్తీక పూర్ణిమ మరునాటి ఛాడఖాయి పండుగకు ఒడియా మిత్రులు మాంసంతో ఆ లోటు ఘనంగా పూడ్చుకుంటారు, అది వేరే సంగతి.) కొత్త అలవాటు ఏదైనా మొదలుపెట్టడానికి అదే అనువైన కాలం, ఎండ తగ్గి నడవడానికి కూడా బాగుంటుంది.

నడకకు పదిమందిని పోగుచేయకండి. ఒక్కరితో సమయం ఖాయం చేసుకుని, భోజనమయ్యాక పావుగంట నడవండి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా అది తోడ్పడుతుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కనుక, వారానికి ఐదు రోజులు చొప్పున ఈ పావుగంట అందులో సగమవుతుంది, అదీ కాస్త వేగంగా నడిస్తేనే. అడుగుల లెక్కలో పోటీలు పెడితే అందరికన్నా ముందు మానేసేది, నడక ఎక్కువ అవసరమైన మనిషే.

ఎవరి పొట్ట గురించీ వ్యాఖ్యానించకండి. మధుమేహానికి మందులు వాడేవారు నలుగురితోపాటు చిరుతిండి మానేస్తే చక్కెర పడిపోవచ్చు కనుక వారిని బలవంతపెట్టవద్దు. పుట్టినరోజుకు ఛెనాపోడ (కాల్చిన పాలవిరుగుడు మిఠాయి) తెస్తే ముక్కలు చిన్నవిగా కోయించండి, వద్దన్నవారిని కారణం అడగవద్దు.

సరిహద్దు జిల్లాల్లో బదిలీలు తరచుగా జరుగుతాయి. ఆర్డరు చెప్పే మనిషి వెళ్లిపోగానే పంచదార ఫ్లాస్కు తిరిగి వస్తుంది కనుక, రిలీవయ్యే ముందు వారమే ఆ బాధ్యతను మరొకరికి అప్పగించి, టీ తెచ్చే మనిషికి వారిని చూపించి వెళ్లండి.