గన్ను టక్కుమన్నాక ఇంకొక్క చుక్క కూడా ఎందుకు వద్దు?

పెట్రోలు బంకులో ‘ఫుల్ ట్యాంకు’ అన్నాక ఏం జరుగుతుందో అందరికీ తెలిసినదే. గన్ను టక్కుమని దానంతట అదే ఆగుతుంది. అప్పటికి మీటరు 1,963 రూపాయల దగ్గర ఉంటుంది. పోసే కుర్రవాడు మన ముఖం చూసి, మనం అవునో కాదో చెప్పేలోపే గన్నును కాస్త పైకి లాగి, మీటను కొద్దికొద్దిగా నొక్కుతూ లెక్కను 2,000 దగ్గరకు తెచ్చి ఆపుతాడు. చిల్లర దొరకని రోజుల్లో పుట్టిన ఈ ‘రౌండు ఫిగరు’ అలవాటు, పైసలతో సహా ఫోనులోనే చెల్లించే ఈ రోజుల్లో కూడా పోలేదు. అలా అదనంగా పడిన మూడోవంతు లీటరు పెట్రోలు కారులో ఎక్కడికి చేరుతుందో, దానివల్ల ఏ భాగం పాడవుతుందో, ఇప్పటికే అలా పోయించుకున్నవారు ఏం చేయాలో ఇక్కడ వివరిస్తాను. ఇది పెట్రోలు వాహనాలకు సంబంధించిన విషయం. డీజిలు అంత తేలికగా ఆవిరి కాదు కనుక, ఆవిరిని పట్టి ఉంచే కానిస్టరు అనే డబ్బా ఆ బండ్లలో ఉండదు.

ముందుగా గన్ను ఎందుకు ఆగుతుందో తెలుసుకోవాలి. దాని మూతి చివర చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపు ఆ ప్రవాహ వేగం వల్ల పుట్టే పీల్పు ఆ రంధ్రం గుండా గాలిని లోపలికి లాగుతూ ఉంటుంది. ట్యాంకులో మట్టం పెరిగి పెట్రోలు ఆ రంధ్రాన్ని కప్పగానే గాలి అందదు. అప్పుడు ఆ పీల్పంతా గన్ను లోపలి పలుచని పొర మీద పడి, అది కదిలి మీటను విడిపిస్తుంది. ఇందులో కరెంటు లేదు, సెన్సరు లేదు. కనుక ‘ఇంకా పడుతుంది సార్’ అన్న కుర్రవాడి మాట అబద్ధమేమీ కాదు, నిజంగానే ఇంకా పడుతుంది. అయితే అది పడే చోటు పెట్రోలు కోసం ఉంచినది కాదు.

కారు తయారుచేసినవారు ట్యాంకు పైభాగంలో కొంత ఖాళీని కావాలనే వదులుతారు. మాన్యువల్‌లో 37 లీటర్లని రాసి ఉన్న ట్యాంకులో గొంతుదాకా నింపితే అంతకంటే కొన్ని లీటర్లు ఎక్కువే పడతాయి. కొలతలో మోసం జరిగిందని బంకులో జరిగే తగాదాలలో కొన్నింటికి మూలం ఇదే. అనుమానం ఉంటే ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మీకు ఉంది. ఆ ఖాళీకి ఒక పని ఉంది. భూమిలోని ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 35 లీటర్ల పెట్రోలు మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన కారులో 15 డిగ్రీలు వేడెక్కితే, దాని పరిమాణం సుమారు అర లీటరు పెరుగుతుంది. వేసవిలో ట్యాంకు నిండా పోయిస్తే పేలిపోతుందని ఏటా వాట్సాప్‌లో తిరిగే సందేశాన్ని ఇండియన్ ఆయిల్ సంస్థ ఖండించింది. తయారీదారు చెప్పిన హద్దు వరకు ఏ కాలంలోనైనా నిర్భయంగా నింపవచ్చు. హద్దు దాటినా ట్యాంకు పేలదు, కానీ కానిస్టరు తడుస్తుంది.

ఆ కానిస్టరు అనేది బొగ్గు గుళికలు నింపిన ప్లాస్టిక్ డబ్బా. కొన్ని కార్లలో బానెట్ కింద, మరికొన్నింటిలో వెనుక ట్యాంకు పక్కన ఉంటుంది. పెట్రోలు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది కనుక, ఆ ఆవిరిని గాలిలోకి వదలకుండా ఒక గొట్టం ద్వారా ఈ డబ్బాలోకి పంపుతారు. ప్రత్యేకంగా శుద్ధి చేసిన ఆ బొగ్గుకు లెక్కలేనన్ని సూక్ష్మ రంధ్రాలు ఉండటం వల్ల అది ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజను వేడెక్కి బండి సాగుతున్నప్పుడు కంప్యూటరు పర్జ్ వాల్వు అనే చిన్న కవాటాన్ని తెరుస్తుంది. బయటి గాలి డబ్బాలోకి వచ్చి ఆవిరిని ఊడ్చుకుని ఇంజనులోకి చేరుతుంది, అక్కడ అది మండిపోతుంది. అంటే వృథా కావలసిన పెట్రోలు బండిని నడిపించడానికే పనికివస్తుంది. మన దేశంలో కారును మూసిన గదిలో ఉంచి దాని నుంచి వెలువడే ఆవిరిని కొలిచినప్పుడు అది 2 గ్రాములు మించకూడదన్నది ప్రమాణం. నాకు నచ్చిన ఏర్పాటు ఇది, ఎందుకంటే చప్పుడు చేయదు, ఏళ్ల తరబడి మరమ్మతు అడగదు. అది తట్టుకోలేనిది ఒక్కటే, ద్రవం.

బొగ్గు ఆవిరి కోసం పెట్టినది. గొంతుదాకా పోసిన పెట్రోలు, ముఖ్యంగా మలుపుల్లోనూ ఎత్తుపల్లాల్లోనూ కదిలి, ఆవిరి గొట్టంలోకి ద్రవంగానే చేరవచ్చు. దానిని ఆపే కవాటాలు ట్యాంకులో ఉంటాయి, కానీ అవి మామూలు వాడకానికి సరిపోయేలా చేసినవి, ప్రతిసారీ మీట మీద వేలు పెట్టి నొక్కేవారి కోసం చేసినవి కావు. తడిసిన బొగ్గు ఆవిరిని పట్టలేదు. నానిన గుళికలు నలిగి, ఆ పొడి గొట్టం వెంట వెళ్లి పర్జ్ వాల్వులో చిక్కుకుంటే అది సరిగా మూసుకోదు. మా పాత కారుకు జరిగినది ఇదే. పెట్రోలు పోయించిన ప్రతిసారీ బంకులోనే మొరాయించేది, సెల్ఫు నాలుగైదుసార్లు కొడితే గానీ లేచేది కాదు, మిగిలిన వేళల్లో ఏ లోటూ ఉండేది కాదు. బ్యాటరీ మార్చాను, ప్లగ్గులు మార్చాను. చివరికి మెకానిక్ కానిస్టరును విప్పి ఒక పక్కకు వంచితే సన్నని ధారగా పెట్రోలు కారింది, వాల్వును అరచేతిలో తట్టితే నల్లని పొడి రాలింది.

ఇక పోయించుకునే పద్ధతి. ‘ఫుల్’ అనడంతో ఆగకుండా ‘ఆటో కట్ దగ్గర ఆపెయ్ బాబూ, రౌండు చేయవద్దు’ అని ముందే చెప్పండి, ఎందుకంటే గన్ను ఆగిన తరువాత చెప్పే సమయం ఉండదు. బండి సమతలంగా ఉన్న చోట నిలపండి. గన్ను పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడండి. పైపైన పెడితే నురగ ఎగిరి రంధ్రానికి తగిలి, ట్యాంకు నిండకముందే ఆగిపోతుంది. మొదటి టక్కు చాలా ముందుగా వచ్చిందని గేజీ చూపిస్తే గన్నును సరిచేసి మరొకసారి నెమ్మదిగా పోయించవచ్చు, అది అతిగా నింపడం కాదు. మైలేజీ లెక్క చూసుకునేవారు కూడా గొంతుదాకా నింపనక్కరలేదు, రెండుసార్లూ అదే బంకులో అదే పంపు దగ్గర మొదటి టక్కుకు ఆపితే లెక్క తగినంత సరిగానే వస్తుంది.

ఇప్పటికే ఎక్కువ పోయించుకున్నట్లయితే కంగారు అవసరం లేదు, ఒక్కసారితో కానిస్టరు పోదు. మూత చుట్టూ పెట్రోలు కారితే ముందు తుడిచి, రంగు మీద పడినదాన్ని నీళ్లతో కడిగించి, వాసన తగ్గాకే స్టార్టు చేయండి. ఆ తరువాత బండిని ఎండలోనో ఏటవాలుగానో నిలపకుండా పాతిక ముప్ఫై కిలోమీటర్లు తిప్పండి, మట్టం తగ్గుతుంది, బొగ్గు కూడా కొంత ఆరుతుంది. నోటితో గొట్టం పెట్టి లాగే పని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

ఒకటి రెండు ట్యాంకుల తరువాత కూడా పెట్రోలు వాసన పోకపోయినా, పోయించగానే స్టార్టు కష్టమైనా, నిలిపి ఉంచినప్పుడు ఇంజను ఎగుడుదిగుడుగా ఆడినా, చెక్ ఇంజన్ దీపం వెలిగినా మెకానిక్ దగ్గరకు వెళ్లవలసిందే. సగం ట్యాంకు కూడా నిండకముందే గన్ను పదేపదే టక్కుమంటుంటే ట్యాంకులోని గాలి బయటకు పోయే దారి మూసుకుపోయిందని అనుమానించాలి. ముందు పర్జ్ వాల్వును చూడమనండి. సాధారణ రకాలలో కరెంటు ఇవ్వనప్పుడు అది మూసి ఉండాలి, ఊదితే గాలి పోకూడదు. గాలి పోతే అది చెడినట్లే. కానిస్టరును కంప్రెసరు గాలితో కడిగేస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ ఒత్తిడికి లోపలి ఫిల్టరు చిరిగి పొడి మరింత పైకి వస్తుంది. గొట్టం తీసేసి బిరడా కొట్టే ‘సులువు’ అంతకంటే చెడ్డది, ఆవిరికి దారి లేక ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. తడిసి పొడైన డబ్బాకు మందు లేదు, మార్చడమే.

బీఎస్-6 బైకులకూ స్కూటర్లకూ చిన్న కానిస్టరు ఉంటుంది. వాటిలో పెట్రోలు మట్టం మూత కింది మెడ అడుగు అంచును దాటకూడదు. ట్యాంకు చిన్నది కనుక హద్దు దాటడం రెండు సెకన్ల పని, అందువల్ల పోస్తున్నంతసేపు చూపు మీటరు మీద కాక మెడ మీద ఉంచండి.

అమెరికాలో ఉన్న మనవారికి ఈ సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడి కార్లు ఈ ఏర్పాటులో సూది బెజ్జమంత లీకు ఉన్నా పసిగట్టి దీపం వెలిగిస్తాయి. కారు కంప్యూటరు నమోదు చేసే లోపాల సంకేతాలలో పీ0455 అనే కోడు పెద్ద లీకుకు, పీ0456 అతి చిన్న లీకుకు వస్తుంది. ఈ కోడు చూడగానే వర్క్‌షాపుకు పరుగెత్తకుండా, మూత టిక్కు టిక్కుమనే వరకు బిగించి, దాని రబ్బరు రింగు పగిలిందేమో చూసి, కొన్ని రోజులు నడపండి, చాలాసార్లు అంతటితో దీపం ఆరిపోతుంది. ఆవిరిని వెనక్కి పీల్చే గన్నులు ఉన్న బంకుల్లో హద్దు దాటాక పోసిన పెట్రోలులో కొంత తిరిగి బంకు ట్యాంకులోకే చేరుతుంది, డబ్బు మాత్రం మీరు కట్టినట్లే. లీకు ఉందేమోనని తమంతట తామే చేసుకునే పరీక్షను చాలా కార్లు ట్యాంకు సుమారు 15 శాతానికీ 85 శాతానికీ మధ్య ఉన్నప్పుడే నడుపుతాయి. కనుక కాలిఫోర్నియాలో స్మాగ్ పరీక్షకు (వాహన కాలుష్య పరీక్షకు) ముందు కోడు చెరిపించుకున్నవారు ఫుల్ చేయించకుండా, సగం ట్యాంకుతో కొన్ని రోజులు తిప్పాకే పరీక్షకు తీసుకువెళ్లడం మంచిది.