ముసురు పట్టకముందే కొలిమి దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు

గోదావరి జిల్లాల్లో సరదాకొద్దీ సొంతంగా కత్తులు తయారు చేసుకునేవారు సాధారణంగా పెరటి రేకుల పాకలోనో, కొబ్బరితోటలో ఒక మూలనో కొలిమి పెట్టుకుంటారు. వేసవి అంతా సాఫీగా సాగిన ఆ పని జూన్‌లో నైరుతి రుతుపవనాలు రాగానే ప్రమాదకరంగా మారుతుంది. పాకలోకి నీరు రావడం, జల్లుకు భయపడి తలుపులు మూసుకోవడం అందుకు ముఖ్య కారణాలు.

అన్నింటికన్నా ముందు పాయనం పెట్టే, అంటే కాల్చిన కత్తిని ముంచి గట్టిపరిచే నూనెను చూసుకోవాలి. లారీ కమాను పట్టీతో చేసిన కత్తిని సుమారు 830 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చి, 55 నుంచి 60 డిగ్రీలకు వెచ్చబెట్టిన నూనెలో ముంచడం పరిపాటి. ఆ నూనె డబ్బాలోకి చూరునీళ్లు చేరితే, నీరు నూనెకన్నా బరువైనది కనుక అడుక్కు దిగిపోయి పైకి ఏమీ కనిపించదు. ఎర్రగా కాలిన మొన తాకగానే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై, దాదాపు 1,700 రెట్లు వ్యాపించి, మరుగుతున్న నూనెను మనిషి మీదికి చిమ్ముతుంది. నెలల తరబడి పాకలో ఉన్న నూనెను గాజు సీసాల్లోకి వంచి ఒక రాత్రి కదపకుండా ఉంచి చూడాలి. అడుగున నీటి పొర కనిపించినా, నూనె మసకబారినా దాన్ని వాడకపోవడమే మేలు. నూనె ఖరీదు ఆలోచించవలసిన సందర్భం కాదిది. డబ్బాకు బిగుతైన ఇనుప మూత, పక్కనే పొడి ఇసుక బకెట్టు ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేయాలి తప్ప నీళ్లు పోయరాదు. చర్మం కాలితే మాత్రం 20 నిమిషాల పాటు చల్లని ధార కింద ఉంచాలి. తేనె, సిరా వంటివి పూయరాదు.

కోనసీమలో చిప్పబొగ్గు (కొబ్బరి చిప్పల బొగ్గు) తేలికగా దొరుకుతుంది, మంచి వేడినీ ఇస్తుంది. అయితే ఏ బొగ్గు మండినా కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. గాలి తిత్తి ఆపినా నిప్పులు ఉన్నంతసేపు అది వస్తూనే ఉంటుంది కాబట్టి, తలుపులు మూయక తప్పని పూట కొలిమి రాజేయరాదు. పని మధ్యలో తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వానలో తడిసినా సరే వెంటనే బయటికి రావాలి. కొలిమికి గాలి గొట్టంగా పాత చేతిపంపు జీఐ పైపును అమర్చే అలవాటు కూడా మంచిది కాదు, ఎందుకంటే దాని పైపూతలోని జింకు 907 డిగ్రీల వద్ద మరిగి, ఆ పొగ పీల్చినవారికి చలిజ్వరం తెస్తుంది.

కత్తిని అరగదీసే గ్రైండరు సంగతికి వస్తే, నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరిగే నాలుగంగుళాల యంత్రంలో చెమ్మ పీల్చిన చక్రం పగిలిపోయే ప్రమాదముంది. చక్రాలను పొడిచోట దాచి, మధ్యలోని ఇనుప రింగుపై ముద్రించిన గడువు దాటితే పారవేయాలి. భుజం మీద తువ్వాలు ఉంచుకోరాదు. తడినేల మీద నిలబడి స్విచ్చు వేయరాదు. ఎర్తింగుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) తప్పనిసరి.

లంక గ్రామాలవారు ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడగానే మోటార్లను, నూనె డబ్బాలను అటక మీదికి చేర్చుకోవాలి. వరదనీటిలో మునిగిన మోటారును పైకి ఆరినట్టు కనిపించినా ఎలక్ట్రీషియన్‌కు చూపించాకనే మళ్లీ తిప్పాలి.