లాటిన్ నేర్చుకుందాం - 14వ పాఠం: 'ఫెరో', మోసే క్రియ

పోయిన పాఠంలో 'రెగో' (ఏలుతాను) రూపాలు బట్టీ పట్టమన్నాను. రెగో, రెగిస్, రెగిత్ అని గడగడా వస్తుంటే ఈసారి సగం పని అయిపోయినట్టే. 'ఫెరో' దాని బాటలోనే నడుస్తుంది, కాకపోతే కొన్నిచోట్ల 'ఇ'ని మింగేస్తుంది:

ఫెరో - మోస్తాను
ఫెర్స్ - మోస్తావు
ఫెర్త్ - మోస్తాడు, మోస్తుంది
ఫెరిముస్ - మోస్తాం
ఫెర్తిస్ - మీరు మోస్తారు
ఫెరున్త్ - వాళ్లు మోస్తారు

'ఫెరిస్' అని రాస్తే తప్పు. నేనూ చాలాకాలం అలాగే రాశాను.

అర్థాలకు మన 'భరించు' బాగా సాయపడుతుంది. బరువైనా, బాధైనా భరించడమే కదా. 'పుఎల్ల అక్వమ్ ఫెర్త్' అంటే అమ్మాయి నీళ్లు మోస్తోంది, లేదా తెస్తోంది. 'దొలోరెమ్ ఫెర్త్' అంటే నొప్పి ఓర్చుకుంటోంది. దారి ఊరికి తీసుకెళ్లినా 'ఫెర్త్', చెట్టు కాయలు కాసినా 'ఫెర్త్'. ఇంకో వాడుక ఉంది: 'రోములుమ్ ఉర్బెమ్ కొందిదిస్సె ఫెరున్త్'. ఇక్కడ ఎవరూ ఏమీ మోయడం లేదు. రోములుస్ నగరాన్ని స్థాపించాడట! ఆ చివరి 'ట' పనే ఈ 'ఫెరున్త్' చేస్తోంది.

ఆజ్ఞ చెప్పాలంటే 'ఫెర్', అంటే తే. పదిమందికి చెబితే 'ఫెర్తె'. ప్రాచీన లాటిన్‌లో గౌరవ బహువచనం లేదు కాబట్టి సీజర్ అయినా ఒక్కడే ఉంటే 'ఫెర్' అనాల్సిందే.

అసలు టెన్షన్ భూతకాలంతో. నిఘంటువులో ఈ క్రియ ఇలా ఉంటుంది: ఫెరో, ఫెర్రె, తులీ, లాతుమ్. 'మోశాను' అనడానికి 'తులీ'. ఇదెక్కడి నుంచి ఊడిపడింది? వేరే ధాతువు నుంచి. గుర్తుంచుకోవడానికి ఒక్క మాట చాలు: తులాభారం. లాటిన్, సంస్కృతం ఒకే కుటుంబం భాషలు. 'ఫెర్'కు చుట్టం 'భారం'లోని 'భర్', 'తుల్'కు చుట్టం 'తుల'. 'లాతుమ్' కూడా ఒకప్పుడు 'త్లాతుమ్'. ముందున్న 'త్' రాలిపోయింది. మన ఆఫీసుల ట్రాన్స్‌ఫర్‌లో 'ఫెర్', ట్రాన్స్‌లేషన్‌లో 'లాతుమ్' ఉన్నాయి.

తులీ, తులిస్తీ, తులిత్, తులిముస్, తులిస్తిస్, తులేరున్త్. ఇక్కడ తేడాలేమీ లేవు, మామూలు వరసే.

అభ్యాసం: 'అక్వమ్ తులిముస్', 'దొలోరెమ్ నోన్ ఫెరున్త్' తెలుగులోకి మార్చండి. 'నువ్వు నీళ్లు తెచ్చావు' లాటిన్‌లో రాయండి. జవాబులు వచ్చే పాఠంలో, 'ఎఓ' (వెళ్తాను)తో పాటు.